మట్టి గోడ కూడా సాక్ష్యమే

పాత ఇల్లు అనగానే మన వైపు గడీనే చూపిస్తారు. జనగామ దగ్గర విసునూరు, కడవెండి గడీల పేర్లు పుస్తకాలకెక్కాయి. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. ఆ దగ్గరి ధర్మాపురంలో భూమి కోసం కొట్లాడిన లంబాడీ బిడ్డ జాటోతు ఠాను నాయక్ 1950లో ప్రాణమిచ్చాడు. గడీ సంగతి అందరికీ తెలుసు. ఠాను లాంటి వాళ్లు పుట్టి పెరిగిన తండా ఇళ్ల సంగతి మాత్రం మన అవ్వల నోటనే మిగిలింది.

మాది మహబూబాబాద్ జిల్లాలో అడవి అంచు తండా. మా ఇల్లు దాదా కట్టింది. నడుమ మద్ది కర్ర నిట్రాడు, వెదురు వాసాలు, పైన గడ్డి. ఎర్రమన్నులో వరిగడ్డి కలిపి తొక్కి, ఒక వరుస ఆరినంకనే ఇంకో వరుస పెట్టారు. మూరెడు మందం గోడ కాబట్టి ఎండాకాలం లోపల చల్లగా ఉండేది. గడ్డి మార్చే రోజు తండా అంతా వచ్చేది. ఎప్పుడు కట్టారని అడిగితే దాది ఏడాది చెప్పదు. "రజాకార్లు పోయినంక, మీ బాపు పుట్టకముందు" అంటుంది. అంటే 1948 తర్వాత.

ఈ మాట ఉత్త ముచ్చట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులు పోడు పట్టా అడగాలంటే 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి ఆ భూమి మీద ఉన్నట్టు చూపాలి. కాగితం లేదని మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. కానీ ఆ చట్టం నియమాలు ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, పోసిన గట్టు కూడా సాక్ష్యమే అంటాయి. పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా చెల్లుతుంది.

స్లాబు ఇల్లు వద్దని ఎవరూ అనరు. పాతది విప్పేముందు కొలవండి, ఫొటో తీయండి. పంతుళ్లకు ఒక మనవి. పిల్లలతో తమ ఇంటి చరిత్ర రాయించండి. నిట్రాడు ఏ కర్ర, మన్ను ఎక్కడిది, ఎవరెవరు చెయ్యి వేశారు, ఏ కరువుకు ముందు, ఏ పెళ్లికి తర్వాత కట్టారు? భూపాలపల్లి కోయగూడెంలో వెదురు తడికకు మట్టి మెత్తిన గోడైతే దాని కథ వేరుగా ఉంటుంది. అవ్వ మాటను అవ్వ భాషలోనే, తెలుగు లిపిలో రాయించి, కింద ఆమె వేలిముద్ర వేయించండి.

మా వెనక గోడ పోయిన వానకాలం కూలింది. దాది చెప్పింది మాత్రం ఇప్పుడు కాగితం మీద ఉంది.