పల్లం ఎటు?

ఈ సంచికకి ఏదైనా రాయమని సంపాదకమిత్రుడు పట్టుకున్నప్పుడు, నాకు కవిత్వం రాదనీ కథలల్లడం అసలే చేతకాదనీ చెప్పి తప్పించుకోబోయాను. "అయితే నీ సింహళద్వీపం సంగతే రాయి" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు ఎందుకో మా తరగతిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కిందటేడు సెమినారుకి మా భూగర్భశాస్త్రం మాస్టారు తలా ఒక దేశం పంచారు. నా చీటీలో శ్రీలంక వచ్చింది. సముద్రమంటే సినిమాలో చూడడమే తప్ప ఎదురుగా నిలబడి ఎరగనివాణ్ణి, నాకు దీవి దొరికింది! పదిరోజులు లైబ్రరీలో కూచుని కంఠతా పట్టాను. విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగం కన్నా కొంచెం ఎక్కువ. నడుమ కొండల గుట్ట, అందులో పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు. నైరుతి మూల ఎడతెగని వానలు, కొండ దాటి ఇవతలికొస్తే అదే దేశంలో ఎండిన పొదలు. ఉత్తరాన జాఫ్నా సున్నపురాయి నేల. అక్కడ చెప్పుకోదగ్గ నది లేదు, బావులే దిక్కు. మిగతా దేశంలో చాలా భాగం మనలాగే పురాతనమైన గట్టిరాయి. రాయి నీళ్ళు తాగదు కనుక పడిన వానని పైనే ఆపుకోవాలి. అందుకే ఎండిన ప్రాంతంలో వాళ్ళు వాగు పొడవునా చెరువు కింద చెరువు కట్టుకున్నారు. పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు కట్టించిన చెరువు ఎంత పెద్దదంటే దానికి సముద్రమనే పేరు పెట్టారు. ఇదంతా గడగడా అప్పజెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగుందయ్యా. నువ్వుండేదెక్కడ?" అన్నారు.

"దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో సార్."

"పిదురుతలాగల ఎత్తు మీటర్లతో సహా చెప్పావు. మీ హాస్టలు ముందు పడిన వాన ఎటు పోతుంది?"

నేను నోరు తెరిచాను. మూశాను. "డ్రైనేజీలోకి సార్" అన్నాను. తరగతి గొల్లుమంది. ఆ రోజు నుంచి నా పేరు సింహళం.

రైతు కొడుకుని నేను. నీరు పల్లమెరుగు అన్న సామెత ఉగ్గుపాలతో విన్నవాణ్ణి. మా ఊళ్ళో ఏ మడి నుంచి ఏ మడికి నీళ్ళు పారతాయో కళ్ళు మూసుకుని చెప్పగలను. రెండేళ్ళుగా ఉంటున్న చోట పల్లం ఎటో తెలియదు. నవ్వులకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ వానాకాలం ఆదివారాలు దానికే ఇచ్చేశాను. మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్.బి.నగర్ దాకా కిటికీ పక్కన కూచుని చూస్తే అంతా బల్లపరుపుగా, సిమెంటు సముద్రంలా ఉంటుంది. దిగి నడిస్తే కాదు. కాళ్ళకి తెలుస్తుంది ఎక్కడ ఆయాసం వస్తోందో. వాన వెలిసిన వెంటనే వీధుల్లో నీళ్ళ వెంట నడిచాను. ఒక టిఫిన్ బండి అమ్మ "గా సందులకెల్లి వస్తయి బాబూ, ప్రతిసారి గంతే" అని వేలు చూపించింది. ఆమెకు నా సెమినారు మార్కులు వేయించాలి!

మీరూ చూడండి. ఎత్తుమీద అపార్టుమెంటుకి పునాది తవ్వినచోట పైన జానెడు ఎర్రచెలక, కింద మొరం, ఇంకా కింద చేత్తో నలిపితే రాలిపోయే కుళ్ళిన గ్రానైటు, ఆ అడుగున అసలు రాయి. ఆ రాయి వయసు 250 కోట్ల ఏళ్ళు ఉంటుందంటారు. ఇళ్ళ మధ్య అక్కడక్కడా పగలగొట్టలేక వదిలేసిన గుండు ఒకటి మిగిలి ఉంటుంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, రేకుల పందిరి వేసి ఉంటారు. అసలు ఈ నేల మొహం ఎలా ఉండేదో చూడాలంటే వనస్థలిపురం దగ్గర జింకలవనానికి పోవాలి. పల్లంలో తవ్వినచోట మాత్రం ఎర్రమట్టి ఉండదు. నల్లగా, జిగటగా ఒండ్రు వస్తుంది. పల్లం అక్కడుందన్నమాట.

మూసీ ఉత్తరాన ఉంది. దక్షిణాన మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెరువులు నిండితే నీళ్ళు సరూర్‌నగర్ చెరువుకి రావాలి, అది నిండితే మూసీకి పోవాలి. సరూర్‌నగర్ చెరువు 1626 నాటిదని చెబుతారు. అంటే సింహళంలో నేను చప్పట్లు కొట్టించుకున్న గొలుసుకట్టు నా హాస్టలు వెనకాలే ఉంది. కాకపోతే ఇక్కడ గొలుసు కొక్కేల మీద కాలనీలు లేచాయి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కొట్టింది. హైదరాబాదుకి ఏడాదంతా కలిపి పడేది 80 చిల్లర. ఆ వారం సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్ లాంటి కాలనీలు దీవులయ్యాయి. మొదటి అంతస్తు నుంచి తాడుతో బకెట్టు దించి పాలప్యాకెట్లు తీసుకున్నామని మా హాస్టలు వంటమనిషి చెబుతుంది.

ఆ వారం నేను ఇక్కడ లేను. ఊళ్ళో పదో తరగతి అయిపోయి కూచున్నాను. మాది వలిగొండ మండలం, మూసీ ఒడ్డు. కోతకొచ్చిన వరి మీదికి మూసీ ఎక్కి రెండురోజులు దిగలేదు. దిగినాక చూస్తే మడిలో వరికంకుల మధ్య ప్లాస్టిక్ కవర్లు, ఒక చిన్నపిల్ల చెప్పు, సగం చిరిగిన లెక్కల నోటుపుస్తకం. అవి ఎక్కడివో అప్పుడు ఆలోచించలేదు. కోదండరాంనగర్ సందులో నిలబడి ఉత్తరానికి చూసినప్పుడు తట్టింది. ఆ గుమ్మాలు కడిగిన నీళ్ళే మా ఒడ్లు ముంచాయి.

అసలు సంగతి ఇకనుంచి. ఆ ఏడు దెబ్బతో నాయినకి వ్యవసాయం మీద మనసు విరిగిపోయింది. "ఈ మూసీ కాడ మనం బతకలేం" అనేవాడు. మిట్ట మీద ఎకరంన్నర బత్తాయి తోట ఉంది, అది అమ్మి పట్నంలో నాకొక జాగా కొనాలని పట్టుదల. పూర్వం కొత్తపేట పండ్ల మార్కెట్టుకి బత్తాయి తెచ్చినరోజుల్లో పరిచయమైన ఒకతను, మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయాక ప్లాట్ల బేరాల్లో దిగాడు. ఎల్.బి.నగర్ నుంచి ఆటోలో పావుగంట, 150 గజాలు, చవక. నాతో చెప్పకుండానే నాయిన నలభైవేలు బయానా ఇచ్చేశాడు. నాకు సంతోషపు వార్తలా చెప్పాడు.

మర్నాడే పోయి చూశాను. చుట్టూ మూడువైపులా నేల ఎత్తు, నాలుగోవైపు తిన్నగా తాడు లాగినట్టు గట్టులాంటి రోడ్డు. నా గుండె జారింది. కాని చెప్పడం ఎలా? పదో తరగతి దాటని నాయినకి నేను నేల గురించి పాఠం చెప్పాలా? "నాయినా, ఒక్కసారి వచ్చి నువ్వే చూసిపో" అన్నాను, అంతే.

చౌటుప్పల్ మీదుగా బస్సులో వచ్చి ఎల్.బి.నగర్‌లో దిగాడు. ప్లాట్ల దగ్గర బ్రోకరు రోడ్లు, కరెంటు స్తంభాలు, పార్కు చూపిస్తుంటే నాయిన తల ఊపుతున్నాడు. నేను మాట్లాడలేదు. కొంతసేపటికి చెప్పు విడిచి కాలి మడమతో నేలని గీకాడు. పైన పోసిన ఎర్రమట్టి కిందనుంచి నల్లది వచ్చింది. కొంచెం తీసి వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు. మూలన స్తంభం మొదట్లో మొలిచిన గడ్డి దగ్గరకి పోయి ఒక పోచ పీకాడు. తుంగ. దూరంగా మేకలు కాస్తున్న ముసలాయన్ని పిలిచాడు.

"పెద్దయ్యా, ఇది ఏ చెర్వు?"

"చెర్వేడిదయ్యా ఇప్పుడు! మా చిన్నప్పుడు గా రోడ్డే కట్ట. అలుగు గా మూల" అని కర్రతో చూపించాడు ముసలాయన. బ్రోకరు ఫోను వచ్చిందని పక్కకి పోయాడు.

"శిఖం భూమి రా బిడ్డా" అన్నాడు నాయిన, నెమ్మదిగా. "నువ్వు జూసినవా ముందే?"

"చూసిన."

"మరి చెప్పకపోతివి?"

ఏమి చెప్పను? నేను పది ఆదివారాలు తిరిగి నేర్చుకున్నది ఆయన మడమతో ఒక్క గీతలో చదివాడు. అయినా నలభైవేలు మాత్రం తిరిగి రాలేదు. రాతకోతలు లేని బయానా, అడిగినప్పుడల్లా వచ్చేవారం. 2024లో హైడ్రా వచ్చి ఎఫ్.టి.ఎల్. అన్న మాట చాయ్ బండ్ల దాకా పాకాక ఆ మనిషి ఫోను ఎత్తడమే మానేశాడు. నలభైవేలంటే మా ఇంట్లో ఒక కాపు బత్తాయి. అమ్మ ఇప్పటికీ ఆ లెక్క మరవలేదు. తోట మాత్రం మిగిలింది.

తిరిగి వస్తూ ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాం. నాయిన చాలాసేపు పైవంతెన వైపు చూసి, "ఇక్కడ పడ్డ వాన మనూరికే వస్తదంటవా?" అన్నాడు. మూసీలో కలిస్తే మన కత్వ మీదుగానే పోవాలన్నాను. "అయితే సింహళం సదువు పనికొచ్చిందే" అన్నాడు. ఆ పేరు ఊరిదాకా ఎవరు మోశారో!

ఇప్పుడు వానాకాలంలో రాత్రిపూట ఇంటినుంచి ఫోను వస్తుంది. బాగున్నావా, తిన్నావా అనికూడా ఉండదు.

"పట్నంల వాన బడ్తుందా? ఎంతసేపాయె?"

మొన్న భాద్రపదంలో పదకొండింటికి వచ్చింది ఫోను. కరెంటు లేదు. నేను హాస్టలు మెట్లమీదికి వచ్చి చీకట్లో నాలా చప్పుడు విన్నాను. మామూలుగా గలగలమనేది ఆరోజు మూలుగుతోంది.

"ఒడ్డున ఉన్న మోటరు తియ్యాల్నా?" అన్నాడు నాయిన.

"తియ్యి నాయినా, ఇప్పుడే తియ్యి" అన్నాను.