గాజుతొట్టికి ఏ దీపము?

ముంబయి మహానగరమునకు సముద్రము కొరతలేదు. అయినను వర్లీలోని మా ఇంటి ముందుగదిలో, మూడడుగుల గాజుతొట్టియందు, మరియొక చిన్న సముద్రమును మేము పోషించుచున్నాము. దానిని చూడవచ్చిన బంధుమిత్రులు ముందుగా అడుగునది చేపలనుగూర్చి కాదు, పైన వ్రేలాడు దీపమునుగూర్చి. “లోకమంతయు ఎల్.ఇ.డి. దీపములకు మారినది గదా, మీ రింకను ఈ వేడిదీపమునే ఏల పట్టుకొని యున్నారు?” అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. నలువది సంవత్సరములు ఒక నౌకావ్యాపార సంస్థలో గుమాస్తాగిరి చేసి జమాఖర్చులు వ్రాసిన వారము గనుక, నోటిమాటతో సరిపుచ్చక, పద్దు వ్రాసి చూపుట మర్యాద యని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా తొట్టి సంగతి. పొడవు 36 అంగుళములు, వెడల్పు 18, ఎత్తు 20. నిండుగా పోసినచో సుమారు 210 లీటర్లు పట్టును. ఈ నగరతీరపు నీరు ఇందులకు పనికిరాదు; శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పుమిశ్రమమును కలిపి పోయవలెను. ఇందులో ఒక ఆనిమోన్ ఉన్నది. పువ్వువలె విచ్చుకొనునే గాని అది జంతువు. దాని చేతులనడుమ కాపురము పెట్టుకొన్న క్లౌన్ చేపలు రెండు, ఒక తోలుపగడము, రెండు మూడు గుంపుల జోయాంథిడ్లు కలవు. రాతిపగడములు మాయొద్ద లేవు. మన దేశమున 2001వ సంవత్సరమునుండి రాతిపగడము లన్నియు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరియున్నవి; పులికి గల రక్షణయే వానికిని కలదు. ఇట్టి తొట్టి పెట్టదలచువారు అన్నిటికన్న ముందు ఎరుగవలసిన సంగతి ఇది. క్లౌన్ చేపలనైనను సముద్రమునుండి పట్టి తేవలసిన పనిలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వానిచే తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు పద్ధతిని సాధించియున్నారు.

ఇక దీపమున కింత ప్రాముఖ్య మేల? మామూలు చేపలతొట్టిలో దీపము మన కన్నులకొరకు. ఇందులోనో, దీపమే అన్నము. పగడముల శరీరములోను, ఆనిమోను శరీరములోను కంటికి కానరాని నాచుకణములు నివసించును. అవి వెలుతురును గ్రహించి ఆకువలె ఆహారము వండి, ఆ వంటలో అధికభాగమును ఇంటి యజమానికి సమర్పించును. వెలుగు చాలనిచో ఆ కణములు క్షీణించును, యజమాని పాలిపోవును, తుదకు పస్తుతో చచ్చును. పైగా నీరు ఎరుపు వన్నెను ముందుగా హరించును. లోతునకు పోయినకొలది నీలము మిగులును. కావున ఈ జీవులకు మిక్కుటమును, నీలపు వన్నె గలదియు నగు వెలుగు కావలెను.

ఈ విద్యలో ఆసియావాసులే ముందు నడచిరని చెప్పుకొనుటకు మాకు సంతోషము. జకార్తా నగరవాసి యగు లీ చిన్ ఎంగ్ అను నతడు, జీవముతో కూడిన సముద్రపు రాళ్లను, గాలిబుడగలను, సూర్యకాంతిని మాత్రమే ఆధారము చేసికొని పగడములను పెంచు తన విధానమును 1961లో ప్రకటించెను. సూర్యుడు ఉచితముగా దొరకు దేశమున అంతకన్న మంచి దీప మేమున్నది? అయితే మా ఇంటి కిటికీకి ఎదురుగా మరియొక భవనము నిలచియున్నది. జూను మొదలు నాలుగు నెలలు ఈ నగరములో సూర్యుడు సెలవుపై పోవును. కావున కృత్రిమ దీపము తప్పదు. 1980వ దశకమున జర్మనీలో, విశేషించి బెర్లినులో, ఈ అభిరుచిగలవారు మెటల్ హలైడ్ దీపముక్రింద రాతిపగడములనుగూడ పెంచి చూపిరి. నాటినుండి చిరకాలము ఆ దీపమే ఈ తొట్లకు సూర్యుడు.

ఆ దీపపు నిర్మాణము చిత్రమైనది. లోపల చిన్న స్ఫటికపు గొట్టములో పాదరసమును, కొన్ని లోహముల లవణములును ఉండును. విద్యుత్తు వానినడుమ మెరుపువలె దుమికి వెలుగు పుట్టించును. ఇట్టి లవణములను చేర్చు ఊహకు స్టైన్‌మెట్జ్ అను పండితుడు 1912లోనే పేటెంటు పొందెను. 1960వ దశకపు తొలినాళ్లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన గిల్బర్ట్ రైలింగ్ దానిని వాడుకకు తెచ్చెను. కంటికి కనబడు వెలుగునిచ్చు ఎర్రని ఎల్.ఇ.డి. కూడ 1962లోనే పుట్టినది. అనగా ఇవి రెండును ఒకే ఈడువి. మా ఈడువి కూడ. కాని నీలపు ఎల్.ఇ.డి. పుట్టుటకు మరి ముప్పది ఏండ్లు పట్టినది. దానిని సాధించిన జపానువారు మువ్వురు 2014లో నోబెల్ బహుమానము పొందిరి. నీలము దొరకిన పిమ్మటనే అది పగడపు తొట్టికి యోగ్యమైనది.

2023 వర్షాకాలమున మా హలైడ్ దీపపు చోకు కాలిపోయెను. పూనాలో ఉద్యోగము చేయుచున్న మా కుమారుడు మరుసటి ఆదివారమే ఒక ఎల్.ఇ.డి. దీపమును చేతబట్టుకొని వచ్చినాడు. “బాపూ, నెల నెలా ఇన్ని యూనిట్లు కాలబెట్టి లాభమేంది? కాలం మారింది. దీన్ని పెట్టి చూడు” అన్నాడు. పెట్టి చూచితిమి. మొదట తక్కువ వెలుగున, పిమ్మట కొంచెము కొంచెముగా హెచ్చించి, మూడు వారములు నడిపితిమి. ఆ మూడు వారములలో వ్రాసికొన్న పద్దు ఇది.

ముందు ఎల్.ఇ.డి. పక్షమున జమ. మా హలైడ్ బల్బు 150 వాట్లది. చోకు తినునది కలిపి సుమారు 175 వాట్లు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 42 యూనిట్లు. కుమారుడు తెచ్చినది 80 వాట్లు. నెలకు 19 యూనిట్లు. తేడా 23. అంతటితో తీరదు. హలైడ్ వేడిని నీటిమీదికే కురిపించును, ఎల్.ఇ.డి. తన వేడిని వెనుకకు, గాలిలోనికి వదలును. మే నెలలో మా గది 32 డిగ్రీలకు ఎక్కినప్పుడు తొట్టి నీటిని 26 డిగ్రీలవద్ద నిలుపుటకు చిల్లర్ యంత్రము కావలెను. పేరు చిల్లరే గాని దాని వ్యయము చిల్లర కాదు. నెలవాడకము 300 యూనిట్లు దాటినచో దరయే మారును గనుక, ఇవన్నియు కలిసి బిల్లుపై కూర్చుండును. మరియు హలైడ్ బల్బు వన్నె పది పన్నెండు నెలలలో మారిపోవును గనుక ఏటేట క్రొత్తది వేయవలెను. పాత బల్బులో పాదరస ముండుటచే దానిని చెత్తబుట్టలో పారవేయరాదు. ఎలక్ట్రానిక్ వ్యర్థములను తీసికొను వారికే అప్పగింపవలెను. ఈ లెక్కలన్నిటిలో కుమారునిదే గెలుపు. మేము వాదింపలేదు.

ఇప్పుడు హలైడ్ పక్షమున జమ. మొదటిది వ్యాప్తి. వెడల్పైన తొప్పిక్రింద వెలుగు ఒక్కటే బల్బు తొట్టి నాలుగు మూలలకును, రాళ్ల ప్రక్కలకును వెలుగును సమముగా పంచును. ఎల్.ఇ.డి.క్రింద మధ్యనున్న తోలుపగడము హాయిగా విచ్చుకొన్నది. మూలనున్న జోయాంథిడ్లు వెలుగుకొరకు మెడలు సాచి నిక్కి చూచుచుండెను. మరియొక దీపము కొని రెండవ ప్రక్కన వ్రేలాడగట్టిన ఆ కొరత తీరును. అప్పుడు యూనిట్ల తేడాయును చాలవరకు తీరును. రెండవది మరమ్మతు. హలైడ్ దీపమున చోకు, ఇగ్నైటరు, బల్బు వేరు వేరు. కాలిన చోకును లోహార్ చాల్ విద్యుత్ సామానుల బజారులో ఒక పూటలో మార్పించితిమి. క్రొత్త దీపములలో పెక్కింటికి లోపలి పలక చెడినచో మొత్తమును కంపెనీకి పంపవలెను. అంతవరకు తొట్టి చీకటిలో నుండవలెను. మూడవది సుళువు. ఎల్.ఇ.డి.కి ఎన్ని వన్నెలో అన్ని మీటలు, వానికి ఒక ఫోను యాప్. హలైడుకు ఒక స్విచ్చి, ఒక టైమరు. అది తెల్లవారినట్లు మెల్లగా వెలుగును. నిండు వెలుగునకు కొన్ని నిమిషములు పట్టును. ఆ మెల్లదనము చేపలకును మంచిదే.

నాలుగవ పద్దు అంకెలలో వ్రాయుటకు వీలులేనిది. 2019లో మా గృహిణికి మోకాళ్ల శస్త్రచికిత్స జరిగెను. మూడు నెలలు ఆమె ముందుగదిలో ఈ తొట్టియెదుటనే మంచముపై నుండెను. హలైడ్ దీపము ఒకే చుక్కనుండి వెలుగును చిమ్ముటచేత, నీటి అలలు ఆ వెలుగును విరిచి, అడుగు ఇసుకపైనను, గోడపైనను, ఇంటికప్పుపైనను బంగారుగీతలుగా ఆడించును. అవి చూచుచు ఆమె ఒకనాడు, “ఏమండీ, మా ఊరి చెరువుకట్ట మీది తుమ్మచెట్టు మొద్దుకు ఇట్లనే ఆడేది వెలుగు” అన్నది. నల్లగొండ జిల్లాలోని ఆ చెరువును ఆమె పెండ్లితో విడిచి నలువది యేండ్లకు పైబడెను. అంతకుముందెన్నడు ఆమె నోట ఆ చెట్టు మాట మేము విని యుండలేదు. ఎల్.ఇ.డి. వెలుగులోను గీత లాడును గాని, పెక్కు చిన్న చుక్కలనుండి వచ్చుటచే అంచులయందు ఎరుపు నీలములుగా చీలును. అద్దము అడ్డుపెట్టి ఆ చీలికను పోగొట్టిన ఆటయే పోవును. మూడు వారములు ముగిసిననాడు ఆమె అభిప్రాయ మడుగగా, “చేపలకు ఏది మంచిదో మీరు చూసుకోండి. నాకైతే అది చెరువు తీరు లేదు” అని మాత్రము అన్నది. కుమారుడు ఆ మాట విని, ఇక యూనిట్ల ఊసెత్తక, తానే నిచ్చెన తెచ్చి పాత దీపమును మరల తగిలించినాడు.

వెలుగు వన్నె మనసున కంత ముఖ్యమా యని కొందరు నవ్వవచ్చును. ఈ నగరమే దానికి సాక్ష్యము. 2015లో మెరీన్ డ్రైవుపై సోడియం దీపముల పసుపు వెలుగు తీసివేసి తెల్లని ఎల్.ఇ.డి.లు పెట్టగా, రాణిగారి కంఠహారము వన్నె మాసినదని పౌరులు గొంతెత్తిరి; పిమ్మట పసుపు వన్నె వెలుగు మరల వచ్చెను. అందు దోషము ఎల్.ఇ.డి.ది కాదు. చౌక యైనది, కాంతి గలది యని లెక్క వేసినవారు, అక్కడ నిలచి చూచువారి కన్నును లెక్కలో చేర్చలేదు, అంతియే.

క్రొత్తదానిపై మాకు పగ యున్నదని చదువరులు తలంపరాదు. మా తాతగారు నేతపని చేతబట్టుకొని ఈ నగరమునకు వచ్చిరి. ఆయన చేమగ్గమును మిల్లు మ్రింగెను. మా తండ్రిగారు ఆ మిల్లులోనే మగ్గముల ఖాతాలో పనిచేసిరి. 1982 నాటి మహాసమ్మె ఆ మిల్లును మ్రింగెను. యంత్రము రాకున్న మా కుటుంబము ముంబయిని చూచియుండదు, ఈ పద్దు వ్రాయు మేమును ఉండము. అయితే అట్లు మారిన ప్రతిసారియు ఇంటిలో ఒకదానిని మాత్రము మార్చకుండ నిలుపుకొనిరి. వీధిలో మరాఠీ, పనిలో హిందీ సుళువైనను, పొయ్యిదగ్గర తెలుగే మాటాడిరి. దానికి నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చగునని వారు చూడలేదు. దానిచే బ్రతుకునది ఒకటి లోపల ఉన్నదని ఎరుగుదురు. ఆ మాటకు వచ్చిన, మా మనుమరాలు ఓనమాలు దిద్దుచున్నది ఫోను తెరమీదనే. ఆ వెలుగును ఎల్.ఇ.డి.దే. ఏ దీప మైనను అన్నము పెట్టునేని అది మంచి దీపమే.

కావున ఈ సంవత్సరము తొట్టి పెట్టదలచు యువకులకు మా సలహా: ఎల్.ఇ.డి.యే కొనుడు. మూడడుగుల తొట్టికి ఒకటి చాలదు, రెండు తీసికొనుడు. సగము వెలుగున మొదలుపెట్టి ఆరు వారములలో మెల్లగా హెచ్చింపుడు. ఒక్కసారిగా హెచ్చిన వెలుగు జీవులను కాల్చును. హలైడ్ దీపములు బజారులో నానాటికి అరుదగుచున్నవి; క్రొత్తగా వానిని నమ్ముకొనుట క్షేమము గాదు. మా బీరువాలో మూడు బల్బులు కలవు. ఏటికొకటి చొప్పున మూడేండ్లు నడచును. ఆ పిమ్మట కుమారుడు తెచ్చిన దీపమునే పైకెత్తుదుము. దానిని తుడిచి, పెట్టెలో భద్రముగా ఉంచితిమి. తొట్టి పద్దుపుస్తకమున ఆ దినమునకై ఒక పుట విడిచి, వెలుగును ఏ వారమున ఎంత హెచ్చింపవలెనో ముందుగనే వ్రాసియుంచితిమి. అంతవరకు సాయంకాలము నాలుగు గంటలకు దీపము వెలిగించుట మా పని, కప్పువంక చూచుట మా గృహిణి పని.