తప్పు చేసినా కసరని ల్యాబు

ఎంపీసీ, బైపీసీ విద్యార్థులకు ఇంటర్ రెండేళ్లూ బోర్డు పరీక్షలు ఒకపక్క, జేఈఈ, నీట్, ఎప్‌సెట్ మరోపక్క. ఇంట్లో జబ్బో అప్పో తోడైతే పుస్తకం ముందు కూర్చున్నా బుర్రకెక్కదు. అలాంటి పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో నల్గొండ జిల్లాలో నేను చూసిన ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు చెబుతుంది.

అక్కడ ఆక్జాలిక్ ఆమ్లంతో పర్మాంగనేట్ టైట్రేషన్ నడుస్తోంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడి చేసిన ద్రావణంలో తొలి చుక్కలు పడగానే గులాబీ రంగు నిలిచిపోయింది. చెడిపోయిందనుకుని ఒక అమ్మాయి ఫ్లాస్కు పారబోయబోయింది. “ఆగమ్మా, ఇంకాస్త కలుపు” అన్నారు లెక్చరర్. నెమ్మదిగా రంగు పోయింది. ఈ చర్య మొదట మందకొడిగా సాగుతుంది. అందులో పుట్టే మాంగనీస్ అయాన్లే తర్వాత దాన్ని వేగిరపరుస్తాయి. కంగారుపడిన క్షణమే అక్కడ పాఠమైంది. రీడింగ్ తేడా వస్తే మళ్లీ చేయవచ్చు. పాతది కొట్టేయకుండా, తేడా ఎందుకొచ్చిందో పక్కన రాయాలి.

క్లాసులోనూ ఇదే తీరు. ఆందోళనలో ఉన్నవారికి ఒకేసారి ఎక్కువ సంగతులు గుర్తుపెట్టుకోవడం కష్టం. అందుకే ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తారు. తర్వాతి లెక్కలో చివరి మెట్టు మాత్రమే విద్యార్థికి వదులుతారు, ఆపైన రెండు మెట్లు. స్లిప్ టెస్టు పోతే మళ్లీ రాయనిస్తారు. పరీక్షకు ముందు పది నిమిషాలు మనసులోని భయాలను కాగితం మీద పెట్టిన విద్యార్థులు, ముఖ్యంగా పరీక్షలంటే బాగా బెదిరేవారు, మెరుగ్గా రాశారని చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. ఇలా రాయించడానికి ఖర్చు లేదు; ఏ కాలేజీలోనైనా చేయవచ్చు.

మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, అందరి ముందు అవమానించడం మాత్రం ఏ పద్ధతినైనా నీరుగారుస్తాయి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వీటిని వీలైనంత వరకు మానుకోవాలన్నాయి.

లెక్చరర్ వైద్యుడు కాడు. నిద్ర, తిండి మానేసిన విద్యార్థికీ, చావు మాటెత్తిన విద్యార్థికీ పాఠంతో సరిపెట్టకూడదు. అప్పుడు కావలసింది కౌన్సెలర్. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద, ర్యాంకుల జాబితా కన్నా పైన, ఈ నంబరు రాయించండి.