ఎవరికీ చెప్పకండి ఆంటీ

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే న్యూయార్క్‌లో మా క్వీన్స్ వీధుల్లో ఇళ్ల ముందు పరుపులు, సోఫాలు బారులు తీరతాయి. ఇళ్లు మారేవాళ్లు మోసుకుపోలేనివన్నీ అక్కడే వదిలేసి పోతారు. సరిగ్గా అదే రోజుల్లో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుకోడానికి వచ్చిన పిల్లలు రెండేసి సూట్‌కేసులతో ఖాళీ గదుల్లో దిగుతారు. మొదటి నెల అద్దె, డిపాజిట్ కట్టేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటున్న పిల్లాడికి వీధి మలుపులో మంచి పరుపు ఊరికే దొరుకుతుంటే వదలబుద్ధి కాదు. అందుకే కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరు కలిసినా ముందు ఈ మాటే చెబుతాను: వీధిలో పెట్టిన పరుపు ఇంట్లోకి తేవద్దు. సోఫా అసలే వద్దు. చెక్క కుర్చీనో బల్లనో తప్పదనుకుంటే, పట్టపగలు తిరగేసి ప్రతి అతుకూ, ప్రతి స్క్రూ రంధ్రమూ టార్చి వేసి చూశాకే గుమ్మం దాటించాలి.

నల్లుల భయంతో చెప్పే మాట ఇది. న్యూయార్క్‌లో పాత పరుపును ప్లాస్టిక్ సంచిలో మూసికట్టకుండా బయట పెడితే పారిశుధ్య శాఖ 100 డాలర్ల జరిమానా వేస్తుంది. 2010లో నల్లుల కోసమే పెట్టిన నిబంధన అది. సంచిలో ఎందుకు కట్టారో తెలియక, దాన్ని చింపి పరుపును పైకి మోసుకెళ్లే పిల్లలను నేను చూశాను.

పోయిన శీతాకాలం ఒక ఆదివారం ఫ్లషింగ్ గణేశ్ గుడి క్యాంటీన్‌లో తెలిసిన కుర్రాడు కనిపించాడు. మా ఊరివైపు అబ్బాయి, మాస్టర్స్ చదువుతున్నాడు. దోసెలు తెచ్చుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా కోటు అక్కడ పెట్టకుండా ఒళ్లో మడిచిపెట్టుకున్నాడు. పెట్టుకోమంటే వద్దన్నాడు. కాసేపయ్యాక చొక్కా చేతులు పైకి లాగి చూపించాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రటి దద్దుర్లు, మూడేసి నాలుగేసి ఒకే వరుసలో ఉన్నాయి. క్లినిక్‌లో దురదకు క్రీము ఇచ్చారట. గదిలో మిగతావాళ్లు నమ్మడం లేదట. "మాకు లేవుగా, నీకొక్కడికే ఎందుకు కుడతాయి?" అన్నారట. ఇదంతా చెప్పి, "ఎవరికీ చెప్పకండి ఆంటీ" అన్నాడు.

ఆ గది పిల్లలు అబద్ధమాడలేదు. నల్లి కాటుకు అందరి ఒళ్లూ ఒకేలా స్పందించదు. ఒకరికి దద్దుర్లు లేస్తాయి, ఒకరికి రెండు వారాల దాకా ఏమీ కనిపించకపోవచ్చు, కొందరికి ఎప్పటికీ కనిపించవు. ఒకే మంచం మీద పడుకునే భార్యాభర్తల్లోనూ ఒకరికే దురద ఉంటుంది. అందుకే దద్దుర్లను చూసి నల్లులున్నాయని గానీ, అవి లేవు కాబట్టి నల్లులూ లేవని గానీ తేల్చడం కుదరదు. పరుపును చూడాలి.

ఆ సాయంత్రమే వాళ్ల గదికి వెళ్లాను. పరుపు అంచున తాడులా ఉండే కుట్టు వెంబడి పాత బ్యాంకు కార్డు అంచుతో గీసుకుంటూ, ఫోన్ టార్చి వెలుగులో చూసుకుంటూ పోయాం. మొదటి రెండు మూలల్లో ఏమీ లేదు. మూడో మూలలో సిరాపెన్ను మొనతో పొడిచినట్టు నల్ల చుక్కలు. అవి నల్లుల రెట్ట, అంటే అరిగిన మన రక్తమే. వాటి పక్కన పలచటి గోధుమరంగు పొట్టు. పిల్ల నల్లి పెద్దదయ్యే లోపు అయిదు దశలు దాటుతుంది, ప్రతి దశలోనూ ఒక్కసారైనా రక్తం తాగి కుబుసం విడవాలి. ఆ పొట్టు కనిపించిందంటే అవి అక్కడే పెరుగుతున్నాయన్నమాట. పరుపు కింది చెక్క చట్రంలో స్క్రూ రంధ్రం దగ్గర సజీవంగా దొరికాయి. పెద్దది అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి కంటికి ఆనుతుంది. గుడ్డు మిల్లీమీటరే, తెల్లగా, చెక్కకు అతుక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే వెలుగు కావాలి, ఓపిక కావాలి.

ఒక అబ్బాయి వెంటనే, "సెలవులకు ఇండియా వెళ్తున్నాం కదా ఆంటీ, నెలరోజులు ఇల్లు ఖాళీగా ఉంటే తిండి లేక అవే చస్తాయి" అన్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ నల్లి నెలల తరబడి ఆహారం లేకుండా బతకగలదు. చల్లటి గదిలో ఇంకా ఎక్కువ కాలం బతుకుతుంది. నెల తర్వాత తలుపు తీసేసరికి అవన్నీ ఆకలితో ఎదురుచూస్తుంటాయి. అవి ఎగరలేవు, దూకలేవు. పాకడమే వాటికి తెలిసింది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వెచ్చదనాన్ని ఆనవాలు పట్టుకుని మన దగ్గరికి వస్తాయి. అయిదు పది నిమిషాల్లో కడుపు నింపుకుని మళ్లీ సందులోకి పోతాయి. హాల్లోకి మారి పడుకుంటే హాల్లోకి వస్తాయి. గది మార్చడం వల్ల నల్లులున్న చోటు రెండింతలవుతుంది, అంతే.

రెండో అబ్బాయి అప్పటికే ఫోన్లో ఫాగర్లు వెతుకుతున్నాడు. డబ్బా నొక్కి గది మూసేస్తే పొగలా మందు కమ్ముకుంటుందే, అదన్నమాట. ఫోన్ పక్కన పెట్టించాను. ఈ విషయంలో నేను కాస్త కటువుగానే మాట్లాడతాను. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2012లో ప్రచురించిన పరీక్షల్లో ఫాగర్లు నల్లులను సరిగా చంపలేకపోయాయి. ఆ మందు పైపైన పడుతుంది, నల్లులు ఉండేది సందుల లోపల. మనుషులకు మాత్రం హాని తప్పదు. అమెరికాలో 2003 నుంచి 2010 దాకా ఏడు రాష్ట్రాల్లో నల్లుల మందుల వల్ల జబ్బుపడినవాళ్లు 111 మంది, చనిపోయినవాళ్లు ఒకరు అని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క తేల్చింది. ఆ జబ్బుపడినవాళ్లలో ఎక్కువమంది న్యూయార్క్‌వాళ్లే. 2013లో మాన్‌హట్టన్ చైనాటౌన్‌లో ఒకచోట చాలా ఫాగర్లు ఒకేసారి వాడితే పేలుడు జరిగి భవనంలో కొంత భాగం కూలింది, మనుషులు గాయపడ్డారు. నల్లులు కుట్టడం వల్ల మనుషులకు రోగాలు అంటుకున్నట్టు రుజువు లేదు. ప్రాణాల మీదికి వచ్చేదల్లా భయపడి మనం చేసే పనులతోనే.

మందులకు అవి లొంగకపోవడం కూడా కొత్త సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వచ్చి అమెరికా ఇళ్లలో నల్లులను దాదాపు తుడిచిపెట్టింది. కానీ 1947లోనే హవాయిలోని పెర్ల్ హార్బర్ సైనిక బ్యారక్స్‌లో డీడీటీకి చావని నల్లులు బయటపడ్డాయి. 1990ల చివర్లో అవి మళ్లీ విజృంభించేనాటికి, ఇళ్లలో ఎక్కువగా వాడే పైరెత్రాయిడ్ మందులను తట్టుకునేవి పెరిగిపోయాయి. దుకాణంలో దొరికే స్ప్రే డబ్బాలో ఉండేవి చాలావరకు ఆ మందులే.

వేడికి మాత్రం అవి ఇప్పటికీ లొంగుతాయి. మా చిన్నప్పుడు వేసవిలో నులక మంచాలు వాకిట్లో వేసి, కళపెళ కాగిన నీళ్లు పట్టెల సందుల్లో పోసేవారు. ఆ తర్వాత రోజంతా ఎండలో ఎండనిచ్చేవారు. అది పనిచేసేది. 50 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటిన వేడి సందు లోపలి దాకా చేరితే పెద్ద నల్లులు బతకవు, గుడ్లు చావాలంటే ఇంకొంచెం ఎక్కువ వేడి కావాలి. ఇక్కడ మనకు ఆ వాకిలీ లేదు, రోహిణికార్తె ఎండా లేదు. ఆ పని చేసిపెట్టేది బట్టల డ్రయర్. వాషింగ్ మెషిన్‌ను నమ్ముకోవద్దు. పొడిబట్టలనే డ్రయర్లో వేసి హై హీట్ మీద అరగంట తిప్పాలి. మరీ కూరితే మధ్యలో ఉన్న బట్టలకు వేడి అందదు, సగమే నింపాలి. ఆ పిల్లలు పక్కబట్టలు, తొడుక్కునేవి, సంచులు అన్నీ ప్లాస్టిక్ కవర్లలో మూటకట్టి లాండ్రోమాట్‌కు మోశారు. తిరిగి తెచ్చినవి కొత్త కవర్లలోకి వెళ్లాయి. పాత కవర్లను అక్కడే చెత్తబుట్టలో వేయించాను.

మంచం కోళ్ల కింద ఇంటర్‌సెప్టర్లు పెట్టించాం. చీమలు పట్టకుండా వంటింటి బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారే, అలాంటివే ఇవి, నీళ్లు లేకుండా. నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేక నల్లి అందులో పడిపోతుంది. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపాలి, దుప్పటి నేలకు తగలకూడదు, లేకపోతే దానికి అదే దారి. పరుపు చుట్టూ జిప్ ఉన్న తొడుగు వేయాలి. లోపలివి లోపలే చిక్కుకుంటాయి, కొత్తవి దూరడానికి సందు ఉండదు. ఆ తొడుగును ఏడాదికి పైగా విప్పకూడదు.

మిగిలింది యజమానికి చెప్పడం. అక్కడే అందరూ నోరు మూసుకున్నారు. లీజులో ముగ్గురి పేర్లుంటే గదుల్లో ఉండేది అయిదుగురు. చెబితే ఖాళీ చేయిస్తారని ఒక భయం. తెలిస్తే తెలుగువాళ్లెవరూ ఇంటికి పిలవరని ఇంకో భయం. మొదటి భయానికి జవాబు ఉంది. న్యూయార్క్ నగరంలో నల్లులను వదిలించే బాధ్యత ఇంటి యజమానిది. 311కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. తనిఖీలో రుజువైతే 30 రోజుల్లో సరిచేయాలని నోటీసు వెళుతుంది. కొత్తగా అద్దెకు దిగేవాళ్లకు, అంతకుముందు ఏడాదిలో ఆ ఇంట్లో, ఆ భవనంలో నల్లులు వచ్చాయా లేదా అన్న చరిత్ర రాసి ఇవ్వాలి. 2017లో చేసిన ఇంకో చట్టం ప్రకారం అపార్ట్‌మెంట్ల యజమానులు ఏటా నగరానికి ఆ లెక్కలు సమర్పించాలి. చిరునామా కొట్టి ఎవరైనా వాటిని చూసుకోవచ్చు. ఇల్లు కుదుర్చుకునే ముందు సబ్‌వే ఎంత దూరమో చూసుకుంటామే, అప్పుడే ఇదీ చూసుకోవాలి.

రెండో భయానికి చట్టంలో మందు లేదు. నల్లులంటే మురికి, మురికంటే పెంపకం అని మనవాళ్ల మనసుల్లో నాటుకుపోయింది. నల్లికి కావాల్సింది రక్తం, దాక్కోడానికి సందు. అద్దంలా తుడిచిన ఇంట్లో కూడా అవి రెండూ ఉంటాయి. 2017 నుంచి 2022 దాకా ఫ్రాన్స్‌లో ప్రతి వంద కుటుంబాల్లో 11 నల్లుల బాధ పడ్డాయని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ 2023లో ప్రకటించింది. ఆదాయానికీ, ఇంట్లో నల్లులు ఉండటానికీ సంబంధం లేదని కూడా ఆ నివేదికే చెప్పింది. డబ్బున్నవాళ్లు నిపుణులను పిలిపించుకుని తొందరగా బయటపడతారు, లేనివాళ్లు నెలల తరబడి అవస్థ పడతారు. అదొక్కటే తేడా. సిగ్గుపడి దాచిన ప్రతి వారం అవి గోడల్లోంచి, కరెంటు సాకెట్ల వెనకనుంచి పక్కింటికి పాకడానికి పనికొస్తుంది.

పిల్లలు చివరికి యజమానికి ఈమెయిల్ రాశారు. నా మాట మీద కింది ఫ్లాటు తలుపు కూడా తట్టారు. అక్కడ ఉండే పెద్దావిడ పంజాబీ. విషయం చెప్పగానే ఆవిడ కుర్చీలో కూలబడి, తనకు అక్టోబరు నుంచే కుడుతున్నాయనీ, కొడుక్కి కూడా చెప్పుకోలేదనీ అన్నారు. యజమాని రెండు ఫ్లాట్లకూ కలిపి మందు కొట్టించారు. గుడ్లు పొదగడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి రెండు వారాలకు మళ్లీ వచ్చి కొట్టారు. ఒక్క ఫ్లాటుకే కొట్టి ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది.

ప్రయాణాల్లో నేను పాటించేవి కొన్నే, కానీ విడవకుండా పాటిస్తాను. హోటల్ గదిలోకి వెళ్లగానే సామాను బాత్రూములో పెడతాను. నున్నటి టైల్స్ మీద వాటికి దాక్కునే చోటు తక్కువ. పక్క దుప్పటి తలవైపు ఎత్తి పరుపు మూలలు, హెడ్‌బోర్డు వెనక టార్చితో చూస్తాను. రెండు నిమిషాల పని. అనుమానం వస్తే గది మార్చమంటాను, అదీ పక్క గది, పై గది కాకుండా దూరంగా. విప్పిన బట్టలను మూతికట్టే కవర్లో వేస్తాను. మాసిన బట్టల వాసన నల్లులను ఆకర్షిస్తుందని 2017లో షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. మంచం పక్కన నేల మీద కుప్పేసిన బట్టల్లోకి దూరి అవి మన ఇంటికి వచ్చేస్తాయి. తానా సభలకో, పెళ్లికో వెళ్లి ఒక్కో గదిలో రెండు కుటుంబాలు సర్దుకున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. ఇంటికి రాగానే సూట్‌కేసు పడకగదిలోకి రాదు. బట్టలు నేరుగా డ్రయర్లోకి, పెట్టె అతుకులకు వ్యాక్యూమ్.

పట్టుచీరలను డ్రయర్లో వేయలేం కదా అని అడుగుతుంటారు. వాటికి చలి ఉంది. రెండు పొరల జిప్ కవర్లలో పెట్టి, గాలి తీసేసి, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా ఉండే ఫ్రీజర్లో నాలుగు రోజులు పూర్తిగా ఉంచాలి. మధ్యలో తలుపు మాటిమాటికీ తీయకూడదు. బయటికి తీశాక, చీర మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే పట్టుకు చెమ్మ పడుతుంది. మా ఫ్రీజర్లో కరివేపాకు, కొబ్బరి తురుము సర్దే అరను ప్రయాణాల తర్వాత చీరలకే వదిలేస్తాను.

ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఈ జాగ్రత్తల గురించి ఎలా చెప్పాలా అని మొదట్లో మా ఇంట్లో మల్లగుల్లాలు పడ్డాం. ఇప్పుడు టికెట్టు కొన్న రోజే ఫోన్లో చెప్పేస్తున్నాం: "అత్తయ్యగారూ, రాగానే పెట్టెలు హాల్లోనే విప్పుదాం. మేం ఊరి నుంచి వచ్చినా అంతే చేస్తాం, బట్టలన్నీ ఒకసారి డ్రయర్లో తిప్పాకే బీరువాలో పెడతాం." ఎవరూ నొచ్చుకోలేదు. పోయినసారి ఆవిడే విమానాశ్రయం నుంచి ఇంటికి వస్తూ కార్లో అడిగారు, పట్టుచీరలకు ఫ్రీజర్లో చోటుందా అని.