ఇందాక, ఇంకాసేపట్లో

జూన్ 9, సోమవారం, మారతహళ్ళి, బెంగళూరు

కస్టమర్ సపోర్ట్ ఫైలొకటి వచ్చింది, ఇంగ్లిష్ నుంచి స్పానిష్‌కి. నిండా 'సూన్'లూ 'ఇన్ ఎ వైల్'లూ. కంపెనీలకు ఈ మాటలంటే ప్రాణం. గడువు చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది.

'ఎ వైల్ అగో' దగ్గర ఆగాను. ఫిర్యాదు చేసింది ఈ పూటా, పోయినేడా? ఇంగ్లిష్‌కు ఆ పట్టింపు లేదు. స్పానిష్‌లో ఇప్పటి సంగతైతే 'ఆసె ఉన్ రాతో', పాతబడితే 'ఆసె తియెంపో'. మన 'ఇందాక', 'చాన్నాళ్ళ కింద' లాగే. ముందు వరసలు చదివితే అంతా ఒకే ఫోన్ కాల్‌లో నడుస్తున్న మాటని తేలింది. 'రాతో' వేశాను. నిఘంటువు కన్నా 'ఇందాక' ఎక్కువ పనికొచ్చింది.

జూన్ 11, బుధవారం

'వెన్ ద టెక్నీషియన్ కమ్స్'. అతను రావాల్సి ఉంటే 'క్వాందో బేంగా'. నెలనెలా వచ్చిపోతుంటే 'క్వాందో బియేనె'. 'క్వాందో' తర్వాత ఇంకా జరగనిదానికి స్పానిష్ క్రియ వేషం మార్చేస్తుంది. సబ్‌జంక్టివ్ అని పేరుపెట్టి క్లాసుల్లో దడిపిస్తారు గానీ, 'వచ్చినప్పుడు', 'వచ్చినప్పుడల్లా' అని తేడాగా పలికేవాళ్ళకు అంత భయం అక్కర్లేదు.

జూన్ 14, శనివారం, అనంతపురం

ఊరికొచ్చాను. మా జిల్లాకు స్పానిష్ గాలి తగిలింది బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ వల్ల. 1969లో ఇక్కడికొచ్చి ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పెట్టాడు. 2009లో ఇక్కడే కన్నుమూశాడు. పల్లెల్లో డిగ్రీ చదివిన పిల్లలకు ఆ సంస్థ విదేశీ భాషలు నేర్పి, బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల దారి చూపుతోంది. పల్లె పిల్లలు తెలుగులో రాసే ఉత్తరాలు స్పానిష్‌లోకి మారి స్పెయిన్‌లోని దాతల ఇళ్ళకు చేరడం ఇక్కడ మామూలే.

ఆ ఉత్తరాల్లో తేదీలెక్కడుంటాయి? 'వానపడినాక శెనక్కాయ ఏస్తాం' అని ఉంటుంది. 'క్వాందో యువేబా' అంటే వ్యాకరణం సరిపోయింది. కానీ ఈ సీమలో ఆ వాన జూన్‌లో పడొచ్చు, జులై దాటొచ్చు, మొహం చాటేయొచ్చు. ఆ దిగులు సబ్‌జంక్టివ్‌లో కొంతైనా పలుకుతుంది. ఇంగ్లిష్ 'వెన్ ఇట్ రెయిన్స్'లో బొత్తిగా లేదు. మధ్యలో ఇంగ్లిష్ మెట్టు ఎక్కకుండా తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌కి వెళ్ళే అనువాదకులు పెరగాలి.

జూన్ 17, మంగళవారం, మారతహళ్ళి

'సూన్'కు 'అఓరీత' వేయొచ్చా అని పంచాయితీ. మెక్సికో రివ్యూయరేమో 'ఇప్పుడే' అనొచ్చు, 'కాసేపాగి' అనొచ్చు, అసలు రాకపోనూవచ్చు అంటాడు. పోర్టోరికోలో అది 'తర్వాత' కిందే లెక్క. 'లుయెగో' ఇంకా ఘనం. స్పెయిన్‌లో 'తర్వాత', మెక్సికోలో అదే జంటగా 'లుయెగో లుయెగో' అంటే 'తక్షణం'! కొలంబియాలో 'దె ప్రొంతో' అంటే 'బహుశా' కూడా. 'తార్దె ఓ తెంప్రానో' ఒక్కటే గొడవ పెట్టదు. ఇంగ్లిష్ 'ముందో వెనకో' అంటే ఇది 'వెనకో ముందో' అంటుంది, అంతే.

భోజనాల వేళ స్పానిష్ రచయిత లార్రా గుర్తొచ్చాడు. ఆయన 1833లో రాసిన వ్యాసం పేరే 'రేపు రండి'. పదిహేను రోజుల్లో పని ముగించుకుందామని మాద్రిద్ వచ్చిన పరాయిదేశస్థుణ్ణి నెలల తరబడి తిప్పిన కథ. పక్క సీటు కన్నడమ్మాయికి చెబితే, 'నాళె బా'నా అని నవ్వింది. దెయ్యాన్ని వాయిదా వేయడానికి ఒకప్పుడు బెంగళూరు తలుపుల మీద రాసినదే, మన 'ఓ స్త్రీ రేపు రా'. దెయ్యాలకు పనిచేసింది కాబట్టే ఆఫీసులు పట్టుకున్నట్టున్నాయి.

మేనేజర్‌కు మెయిల్ పెట్టాను. ఇలాంటి ఫైలు ఏ దేశానికో ముందు రాసివ్వాలి. అన్ని దేశాలకూ ఒకటే అంటే 'ఎన్ బ్రెవె' (త్వరలో) వేస్తాను. క్లయింటు నిమిషాలు చెప్పగలిగితే ఆ అంకె వేస్తాను. 'అఓరీత' మాత్రం వేయను.