పంచెతో ఓడ ఎక్కవచ్చునా?

ఓడ ప్రయాణం అని తెలియగానే మా ఇంట్లో మొట్టమొదట బయటికి వచ్చింది పాస్‌పోర్టు కాదు, బట్టల బీరువా తాళంచెవి.

సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, మా దంపతులకూ, మా అక్కయ్యకూ బావగారికీ కలిపి ఐదు రాత్రుల విహారనౌకకు టిక్కెట్లు కొన్నాడు. సింగపూరులో ఎక్కి, పెనాంగు, ఫుకెట్ చూసుకొని, తిరిగి సింగపూరులోనే దిగటం. టిక్కెట్లతోబాటు ఓడవాళ్ళు పంపిన సూచనలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్క వాక్యం మాత్రం మా నలుగురి నిద్రా పాడు చేసింది. ఒక రాత్రి భోజనానికి అందరూ ఫార్మల్ దుస్తుల్లో రావలెనట!

“ఫార్మల్ అంటే ఏమిట్రా?” అని అబ్బాయిని ఫోనులో అడిగాను.

“కోటూ టైయీ, నాన్నా!” అన్నాడు వాడు ఆఫీసు తొందరలో. ఆ ఒక్క ముక్కతో కాకినాడలో రెండు సంసారాలు అల్లకల్లోలమైనాయి.

నేను టైలరు దగ్గరకు పరుగెత్తాను. అక్కయ్యా, మా ఆవిడా కలిసి ఉప్పాడ చీరలన్నీ మంచం మీద పరిచారు. బావగారు మాత్రం చదువుతున్న పేపరు దించకుండానే తీర్పు చెప్పేశారు.

“నేను పంచెతోనే వస్తానోయ్. భోజనానికి రానివ్వకపోతే గదిలో కూచుని అరటిపళ్ళు తింటాను.”

“అది కాదు బావగారూ, నలుగురూ నవ్వుతారేమో...”

“నవ్వనీ. మా చిన్నతాత ఆ దారినే పెనాంగు వెళ్ళాడు, పంచెతోనే. ఆయన్ని ఎవరూ నవ్వలేదు. నవ్వటానికి ఆయన వైపు చూసినవాడంటూ ఉంటే గదా!”

డెబ్బైనాలుగేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు బడిలో పంతులుగా పంచెతోనే నెగ్గుకొచ్చారు. ఇక నేనేమీ మాట్లాడలేదు. రెండు నెలలపాటు మా ఇంట్లో చర్చలన్నీ బట్టల మీదనే. పాస్‌పోర్టుల మాట, వీసాల మాట ఎత్తినవారు లేరు. అవి అబ్బాయి చూసుకొన్నాడుగదా అని ధీమా.

ఆ ధీమా ఎంతలో కరిగిపోయిందో చెబుతాను, వినండి.

సింగపూరులో పెద్ద ఓడలు ఆగే రేవుల్లో మెరీనా బే క్రూజ్ సెంటరు ఒకటి. 2012లో తెరిచారు. చూడటానికి రేవులాగా ఉండదు, విమానాశ్రయంలాగా ఉంటుంది. ఎవరు ఎన్ని గంటలకు రావాలో ముందే వేళలు కేటాయిస్తారు. మాకు ఒంటిగంట అన్నారు. అయితే మా వాళ్ళు పెళ్ళికి బయలుదేరినట్టు బయలుదేరేసరికి అక్కడికి చేరటం మూడున్నర అయింది. ఓడ కదిలేది అయిదు గంటలకే అయినా, ఎక్కే దారి నాలుగింటికే మూసివేస్తారన్న సంగతి మాలో ఎవరూ పట్టించుకోలేదు. రైలు కదులుతూంటే పరుగెత్తి ఎక్కినవాళ్ళం గదా! ఓడకు ఆ సదుపాయం లేదు.

గుమ్మంలోనే పోర్టర్లు పెద్దపెట్టెలు అందుకొన్నారు. ఇంటిదగ్గరే అచ్చువేసుకొని వచ్చిన చీటీలు, మన పేరూ గది నంబరూ ఉన్నవి, వాటికి కట్టి ఉండాలి. పెట్టెలు అటునుంచి అటే ఓడ కడుపులోకి పోతాయి. సాయంకాలానికో రాత్రికో మన గది ముందుకు వస్తాయి. ఇది హాయి అనుకొన్నాం. చేతులు ఊపుకుంటూ కౌంటరు దగ్గరకు వెళ్ళాం.

కౌంటరులో అమ్మాయి మా పాస్‌పోర్టులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. ముగ్గురివి అయినాయి. అక్కయ్యది చూసి, “తిరిగి సింగపూరులోకి రావటానికి వీసా ఉన్నదా?” అని అడిగింది.

మాకు అర్థం కాలేదు. సింగపూరులోనేగదా ఉన్నాం? అప్పుడు ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. ఓడ ఎక్కితే మీరు ఈ దేశం వదిలి వెళ్ళినట్టే. అయిదు రోజుల తరవాత వచ్చేటప్పుడు మళ్ళీ కొత్తగా ప్రవేశించినట్టే. వీసా ఒక్కసారికే ఇచ్చి ఉంటే అది మొన్న విమానం దిగినప్పుడే ఖర్చయిపోయింది. ఎన్నిసార్లు రావచ్చునో వీసా కాగితం మీద వ్రాసి ఉంటుంది, అది చూపించండి అన్నది.

మేం ముగ్గురం కాగితాలు మా దగ్గరే ఉంచుకొన్నాం. అక్కయ్య ముఖం చూశాను. పాలిపోయింది.

“ఒరేయ్ తమ్ముడూ, నలిగిపోతుందని పట్టుచీర మడతలో పెట్టానురా. పెద్దపెట్టెలో!”

పెద్దపెట్టె అప్పటికి ఓడలో ఉన్నది. గోడమీద గడియారం మూడూ నలభై చూపిస్తున్నది. అబ్బాయికి ఫోను చేస్తే ఎత్తడు, ఏదో మీటింగులో ఉన్నాడు. మా ఆవిడ వెంకన్నబాబును తలచుకొన్నది. బావగారు కండువాతో ముఖం తుడుచుకొని, “మీరిద్దరూ వెళ్ళండోయ్. మేము అబ్బాయి ఇంటికి పోయి ఉంటాం. అంతదూరం వచ్చి నలుగురమూ చెడిపోవటం ఎందుకు?” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు మరీ కష్టంగా తోచింది.

మూడూ యాభై రెండుకు అబ్బాయి ఫోను ఎత్తాడు. మరో నిమిషంలో అక్కయ్య వీసా నా ఫోనులో ప్రత్యక్షమైంది. కౌంటరు అమ్మాయి చూసి, కంప్యూటరులో సరిపోల్చుకొని, నవ్వి, లోపలికి పొమ్మన్నది. అక్కయ్య కళ్ళు తుడుచుకొన్నది. మా వెనక ఇంక ఎవరూ లేరు. ఆ పూట ఓడ ఎక్కినవారిలో చివరివాళ్ళం మేమే.

కాబట్టి మొదటిసారి వెళ్ళేవారికి నా మొదటి మనవి ఇది. పాస్‌పోర్టు, వీసా, ఓడ టిక్కెట్టు, రోజూ వేసుకొనే మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలు, ఇవి చేతిసంచీలోనే ఉండాలి. పెద్దపెట్టె రాత్రి ఎనిమిదింటిదాకా రాకపోయినా మీ పని ఆగకూడదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలంటారు. ఆ ఆరు నెలలూ ఎక్కే రోజు నుంచి కాక, ఓడ తిరిగి వచ్చే రోజు నుంచి లెక్క కట్టుకొంటే గండం లేదు. దారిలో తగిలే ప్రతి దేశం నిబంధనా ప్రయాణానికి ముందు మళ్ళీ ఒకసారి అడిగి తెలుసుకోవాలి. అవి మారుతూ ఉంటాయి. సింగపూరులోకి వచ్చేవారు మూడు రోజుల లోపు నింపవలసిన ఆగమన పత్రం ఒకటి ఉన్నది. ఓడ దిగేవారు కూడా దాన్ని మళ్ళీ నింపాలి.

ఇక పెట్టెలో పెట్టకూడనివి. మా ఆవిడ ఇస్త్రీపెట్టె పెట్టింది. అక్కయ్య చిన్న రైస్ కుక్కరూ, అగరువత్తులూ, హారతి కర్పూరమూ పెట్టింది. రాత్రి అన్ని పెట్టెలూ వచ్చాయి, అక్కయ్యదీ మా ఆవిడదీ తప్ప. తనిఖీ గదికి రమ్మని కబురు వచ్చింది. నడిసముద్రంలో నిప్పుకు మించిన శత్రువు లేదు. అందుకే కాలేవీ కాల్చేవీ ఏవీ గదుల్లోకి రానివ్వరు. వాటిని తీసుకొని రశీదు ఇచ్చారు. దిగే రోజున తిరిగి ఇస్తారట. “దేవుడికి దీపం లేకుండా ఎలాగ?” అన్నది అక్కయ్య. “సముద్రంలో సూర్యుడు కనబడుతున్నాడుగా, ఆయనకే దణ్ణం పెట్టుకో” అన్నారు బావగారు.

ఎక్కగానే మరో తప్పనిసరి పని ఉన్నది. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలూ, ఒక పొడుగు కూతా వినబడితే అది అపాయ సంకేతం. చాలామంది విసుక్కుంటారు. విసుక్కోకండి. 1912లో టైటానిక్ మునిగిన తరవాత, 1914లో కొన్ని దేశాలు కూచుని ఓడల రక్షణకు నిబంధనలు వ్రాసుకొన్నాయి. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కంకార్డియా రాతికి కొట్టుకొని ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కినవారికి అప్పటికింకా ఈ శిక్షణ ఇవ్వలేదు. ఆ తరవాతనే, ఓడ కదలకముందుగాని కదిలిన వెంటనేగాని శిక్షణ జరిగి తీరాలని నిబంధన మార్చారు. 2015 నుంచి అది అమలులో ఉన్నది.

మర్నాడు పెనాంగు. జార్జిటౌనులో స్వెట్టెన్‌హామ్ రేవున దిగాం. అందరూ గుడులకూ బజారుకూ పరుగెత్తుతూంటే బావగారు టాక్సీవాణ్ణి జెరెజాక్ దీవి ఎటు అని అడిగారు. అతను దక్షిణంగా చెయ్యి చూపించాడు. అటు తిరిగి ఆయన కాసేపు నిలబడ్డారు.

వెనకటి రోజుల్లో మద్రాసులో ఎక్కినవాళ్ళు నాగపట్నం మీదుగా ఈ పెనాంగుకే వచ్చేవారు. 1926లో కట్టిన రజులా అనే ఓడ 1970ల తొలి ఏళ్ళదాకా ఆ దారిన సింగపూరుకు తిరిగింది. పై అంతస్తు గదుల్లో దొరలూ, డబ్బున్నవారూ. మిగతావారు డెక్కు ప్రయాణీకులు. చాప పరుచుకొన్నంత చోటే వారి గది. మలయాలో రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ వెళ్ళిన మన తెలుగువాళ్ళు అలా వెళ్ళినవారే. రేవులో దిగగానే ఊళ్ళోకి రానివ్వక, అంటురోగాల భయంతో జెరెజాక్ దీవిలో ఉంచి పరీక్షించేవారు.

“మా చిన్నతాత వెనక్కి రాలేదోయ్. ఒక ఉత్తరం మాత్రం వచ్చింది. ఓడలో పైనవాళ్ళు భోజనానికి కూచుంటే వాయిద్యాలు వినబడేవట. కిందనుంచి విన్నానని వ్రాశాడు” అన్నారు బావగారు.

పంచె సంగతి నాకు అప్పుడు తెలిసింది.

ఆ రాత్రే ఫార్మల్ భోజనం. నేను కొత్త కోటు తొడిగి, టై బిగించి, అద్దంలో చూసుకొని మురిసిపోయాను. అయితే కొత్త బూట్లు రెండు కాళ్ళూ కొరికేసినాయి. ప్యాంటు కింద ఎవరు చూస్తారులే అని హవాయి చెప్పులు తొడుక్కొన్నాను. బావగారు ఎర్రంచు పంచె, తెల్ల లాల్చీ, మడతపెట్టిన కండువా, పాలిష్ పెట్టిన తోలు చెప్పులూ వేసుకొన్నారు. అక్కయ్యా, మా ఆవిడా పట్టుచీరల్లో వెలిగిపోతున్నారు.

భోజనశాల గుమ్మంలో నల్లకోటు వేసుకొన్న ఉద్యోగి నిలబడి ఉన్నాడు. బావగారిని చూసి వంగి నమస్కారం చేసి, “మీ బల్ల నంబరు?” అన్నాడు, అంతే. ఆడవాళ్ళకు దారి చూపించాడు. నా వంతు వచ్చేసరికి ఆయన చూపు కిందికి దిగింది.

“క్షమించాలి. రబ్బరు చెప్పులతో లోపలికి రాకూడదు.”

పాఠకులు నవ్వకండి. కోటుకు పెట్టిన ఖర్చు నాకింకా గుర్తున్నది! గదికి కుంటుకుంటూ పోయి, బూట్లు తొడుక్కొని వచ్చేసరికి సూపు చల్లారిపోయింది. బావగారు బల్ల దగ్గర నిటారుగా కూచుని ఉన్నారు. మూలగా ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. ఆయన అన్నం మీద చెయ్యి పెట్టకుండా అదే వింటున్నారు. అక్కయ్య ఆయన్ని తొందరపెట్టలేదు.

బట్టల మర్మం నాకు తెలిసినంత చెబుతాను. పగలు ఎలా ఉన్నా అడిగేవారు లేరు. సాయంత్రం పెద్ద భోజనశాలకు మాత్రం పొట్టి లాగులూ, ఈతబట్టలూ, రబ్బరు చెప్పులూ పనికిరావు. ఫార్మల్ రాత్రికి కోటే ఉండాలని లేదు. చాలా ఓడల్లో ఎవరి దేశపు పండుగ బట్టలు వారికి చెల్లుతాయి. మన చీరకు ఎక్కడా లోటు లేదు. అనుమానం ఉంటే ముందుగా ఓడవారికే వ్రాసి అడగండి. అలంకారం ఇష్టం లేనివారికి పై అంతస్తులో వడ్డించుకొని తినే హాలు ఉండనే ఉంటుంది. శాకాహారం కావలసినవారు టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పాలి. లోపల చలి ఎక్కువ, ఆడవాళ్ళు శాలువ మరవవద్దు. ఈతకొలనులోకి చీరతో దిగనివ్వరు.

ఫుకెట్‌లో మరో సంగతి నేర్చుకొన్నాం. థాయిలాండు గడియారం సింగపూరుకంటే ఒక గంట వెనక. మా ఓడ సింగపూరు కాలాన్నే పాటించింది. ఒడ్డు మీద నా ఫోను తనంతట తానే గంట వెనక్కి తిరిగింది. బావగారి చేతిగడియారం తిరగలేదు కాబట్టి వేళకు చేరాం. దిగేముందు ఓడ ఏ కాలం పాటిస్తున్నదో అడిగి తెలుసుకోండి. ఆలస్యమైనవారికోసం ఓడ ఆగదు.

చివరి రాత్రి పెద్దపెట్టెలు గది బయట పెట్టమంటారు. తెల్లవారి కట్టుకోవటానికి ఒక జత బయట ఉంచుకొని మరీ పెట్టండి. మేము ఉంచుకొన్నాం. కాగితాలు కూడా ఉంచుకొన్నాం. అక్కయ్య తన వీసాను చేతిసంచీలో పెట్టి, ఆ సంచీని తలకింద పెట్టుకొని పడుకొన్నది.

దిగి బయటకు వచ్చాక, టాక్సీల వరుసలో ఒక తెలుగు జంట ఎదురైనారు. మరో ఓడ ఎక్కటానికి వస్తున్నారు. నా చేతిమీద కోటు చూసి ఆ అబ్బాయి ఆత్రంగా అడిగాడు.

“ఏమండీ, ఫార్మల్ నైటుకు కోటు తప్పదంటారా?”

“కోటు సంగతి తరవాత బాబూ. మీ వీసా కాగితం ఎక్కడ ఉన్నది?” అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. తరవాత ఇద్దరూ కలిసి పెద్దపెట్టె వైపు చూశారు.