హాష్ విలువ రాశారా?

జూలై 1, 2024
భారతీయ సాక్ష్య అధినియమ్ ఇవాళ్టి నుంచి అమలు. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే, పాత సాక్ష్య చట్టం 65బి స్థానంలో ఇక సెక్షన్ 63. రికార్డుతో జతచేయాల్సిన సర్టిఫికెట్ నమూనా కూడా చట్టంలోనే ఇచ్చారు. 'ఏ' భాగం రికార్డు దాఖలు చేసేవాళ్లది, 'బి' భాగం నిపుణుడిది. రెండిట్లోనూ హాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, రాయాలి. ఇన్నాళ్లూ నేను ప్రతి దర్యాప్తు అధికారినీ బతిమాలి అడిగినదాన్ని ఇప్పుడు చట్టమే అడుగుతోంది. ఇప్పటికే నడుస్తున్న విచారణలకు మాత్రం పాత చట్టమే.

జూలై 9
గుద్ది పారిపోయిన కారు కేసు. ఎదురుగా కిరాణా కొట్టు, దానికి కెమెరా. పోలీసులు వెళ్లేసరికి డిస్కు నిండి, ఆ రాత్రి రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోయింది. కోర్టు వరండాలో చనిపోయినాయన భార్య ఆపింది. "కెమెరా ఉండె గద సారూ, అండ్ల కనవడలేదా?" ఆలస్యంగా వెళ్లారమ్మా అని ఉన్నమాటే చెప్పాను. ఆమెకు ఇంకెవరూ చెప్పలేదట.

జూలై 16
మరో కేసులో కెమెరా రికార్డరు (డీవీఆర్) స్వాధీనంపై ఒక ఎస్సై రాసిన పంచనామా చదివి ప్రాణం లేచొచ్చింది. "డీవీఆర్ తెర మీద 21:47. అదే క్షణాన నా సెల్‌ఫోన్లో 21:36. తేడా 11 నిమిషాలు." ఈ ముక్క లేకపోతే ఫుటేజీ ఒక టైము, టవర్ లొకేషన్ ఇంకో టైము చెప్పేవి. డిఫెన్సు వాళ్లకు అంతకన్నా ఏం కావాలి? ఫోన్ చేసి మెచ్చుకున్నాను.

జూలై 24
కానిస్టేబుళ్లకు క్లాసు. ఒక పేజీ వాంగ్మూలం ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ తీసి చూపించాను. అక్షరాలూ అంకెలూ కలిపి 64. ఒక్క కామా చెరిపి మళ్లీ తీస్తే మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. వెనక బెంచీల దాకా గది నిశ్శబ్దమైపోయింది. అందుకే హార్డ్ డిస్కును నేరుగా తెరవొద్దని, దాని మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ పెట్టి ఇమేజ్ తీసి, పరీక్ష ఆ నకలు మీదే చేయాలని చెప్పాను.
ఫోన్లను సిగ్నల్ అందని ఫారడే బ్యాగులో పెట్టాలన్నప్పుడు ఒకతను లేచాడు. "మా స్టేషన్ల ఫారడే బ్యాగు ఎక్కడిది సార్?" న్యాయమైన ప్రశ్న. నా జవాబు: బ్యాగు లేకుంటే ఫ్లైట్ మోడ్ పెట్టు, వైఫై, బ్లూటూత్ ఆపు, లేకపోతే దూరం నుంచే ఫోన్ తుడిచేయగలరు. ఆన్‌లో ఉన్నదాన్ని తోచినట్టు ఆపెయ్యకు, ల్యాబును అడుగు. చేసిన ప్రతి పనీ టైముతో రాయి. బ్యాగులు మాత్రం ప్రతి స్టేషన్‌కూ ఇవ్వాల్సిందే. ఈ మాట పైకి రాస్తాను.

ఆగస్టు 3
అన్వర్ కేసు మళ్లీ చదివాను. కేరళ ఎన్నికల వివాదం. సీడీలకు 65బి సర్టిఫికెట్ లేదని 2014 సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు పక్కన పెట్టేసింది. 2018లో మరో బెంచి పట్టు సడలించింది. 2020 జూలై 14న అర్జున్ పండిత్‌రావు తీర్పు దాన్ని సరిదిద్దింది: నకలు పెడితే సర్టిఫికెట్ తప్పదు, అడిగినా ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. మా వాళ్లు కొందరు ఉత్త కాగితం తంతు అంటారు. నేను ఒప్పుకోను. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన వీడియో నిజమైపోదు. కానీ ఏ యంత్రం నుంచి, ఎలా తీశావని బోనులో నిలబెట్టి అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. జైల్లో ఉన్న ముద్దాయికి ఆ ప్రశ్న అడిగే హక్కుంది.

ఆగస్టు 11
దొంగతనం కేసులో షాపు యజమాని మంచి మనసుతోనే క్లిప్పును వాట్సాప్‌లో పంపాడు. అందులో వీడియోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, అసలు ఫైలు హాష్‌తో కలవదు. అదృష్టం, డీవీఆర్‌లో అసలుది ఇంకా ఉంది.
ఇంటికో, కొట్టుకో కెమెరా ఉన్నవాళ్లకు నా విన్నపం: దాని గడియారం ఇవాళే సరిచేయండి. వీధిలో ఏదైనా జరిగితే అసలు రికార్డింగు చెరిగిపోకుండా చూసి, అదే రోజు పోలీసులకు చెప్పండి.